కేస్ స్టడీ: టెక్కలి దగ్గరి ట్రంకుపెట్టెలో యుద్ధకాలపు ఉత్తరాలు, అసలు రాసిందెవరు?

యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన పాత ఉత్తరం చేతికందితే ఎవరైనా ముందు చూసేది అందులో ఏం రాశాడని. నేను ముందు చూసేది ఎవరు రాశారని. ఈ రెండో ప్రశ్న తేలకుండా మొదటిదానికి జవాబు చెప్పేస్తే, ఎవరో రాతగాడి మాటల్ని సైనికుడి నోట్లో పెట్టి, ఇంట్లో వాళ్ళ చేత వాటికే దండం పెట్టించినట్టు అవుతుంది. ఈ కేసులో అది జరగబోయి ఆగింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇళ్ళల్లో మిగిలిపోయిన పాత కాగితాలు శుభ్రం చేయడం, ఫొటో తీయడం, చదివి ఎత్తిరాయడం, జాబితా కట్టడం నా పని. ఎక్కువగా వచ్చేవి దస్తావేజులు, భూమి పట్టాలు, జాతకాలు. మిలటరీ ఉత్తరాలు అరుదుగానే వస్తాయి, మన దగ్గర సైన్యంలో పనిచేసిన వాళ్ళు లేని ఊరు వెతుక్కోవాల్సినంతగా ఉన్నా సరే. ఉత్తరం వచ్చిన రోజున చదివించుకుని, దూలంలో దోపి, తర్వాత మర్చిపోవడమే అలవాటు. చెదలు, ఉప్పుగాలి, తుఫానులు మిగతా పని చూసుకుంటాయి.

ఈ కుటుంబం టెక్కలికీ పలాసకీ మధ్య ఒక ఊరిది. వాళ్ళ కోరిక మీద ఊరి పేరు, మనుషుల పేర్లు, సైనికుడి నంబరు, యూనిట్ నంబరు ఇక్కడ రాయడం లేదు. ట్రంకుపెట్టెలో ఉత్తరాలు ఒక గుడ్డలో, పెన్షను కాగితాలు వేరే రేకు డబ్బాలో ఉండేవి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఇంటి పైకప్పు లేచిపోయి ట్రంకులోకి నీళ్ళు దిగాయి. ఆ గందరగోళంలో తీసినవాళ్ళు తీసి, ఎండలో పరిచి, మళ్ళీ ఏది దేంట్లో ఉండేదో చూడకుండా కట్టేశారు. ఆ పరిస్థితిలో ఎవరైనా చేసేది అదే. నా దగ్గరికి వచ్చేసరికి చాలా కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి, కొన్నింటి మీద పాత సెల్లోటేపు గోధుమరంగు మరకలు, ఒక కాగితం మాత్రం మొత్తం ఊదారంగు సిరా చిమ్మినట్టు.

కుటుంబం చెప్పిన కథ ఏమిటంటే, ముత్తాతగారి తమ్ముడు మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు వెళ్ళి, కందకాల్లో జర్మన్లతో పోరాడి చనిపోయాడని. తరాలు మారేకొద్దీ పెద్ద యుద్ధం పేరు వచ్చి చిన్నవాటికి అతుక్కోవడం సహజం. ఈ కథను తోసిపుచ్చడానికి ఉత్తరం లోపలికి వెళ్ళాల్సిన అవసరం కూడా రాలేదు, చిరునామా చాలింది. అన్నింటి మీదా "టెక్కలి, విశాఖపట్నం జిల్లా" అని ఉంది. టెక్కలి, చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం జిల్లావి. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన ఆ రోజునే తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979లో. మొదటి యుద్ధకాలపు ఉత్తరమైతే గంజాం జిల్లా అని ఉండాలి. కాబట్టి ఇవి 1936కూ 1950కీ మధ్యవి. ఈ రెండు జిల్లాల్లో మీ ఇంట్లో తేదీ చెరిగిపోయిన కాగితం ఉంటే ముందు జిల్లా పేరు చూడండి, పోస్టు ముద్ర కన్నా అదే తొందరగా తేలుస్తుంది.

మొదటి ఉత్తరం బెంగళూరు నుంచి. అందులో ఊళ్ళో అందరూ క్షేమమా, విశాఖపట్నంలో బాంబులు పడ్డాయట, మనవాళ్ళెవరూ అక్కడ లేరు కదా అని ఉంది. జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. బెంగళూరు అంటే మద్రాస్ సాపర్స్, దక్షిణాది కుర్రాళ్ళను తీసుకుని వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, మందుపాతరలు తీయడం, కందకాలు తవ్వడం నేర్పే దళం. సైన్యంలో వాళ్ళకి "తంబీలు" అనే పేరుంది. మన తెలుగు కుర్రాడు కూడా అక్కడ తంబీయే. అంటే 1942 వేసవి నాటికి ఇతను శిక్షణలో ఉన్నాడు.

కాగితాల మరమ్మత్తు గురించి క్లుప్తంగా చెప్తాను. అంటుకున్నవాటిని ఆవిరి పట్టి విడదీయొచ్చని చాలామంది అంటారు, దయచేసి ఇలాంటి ఉత్తరాల మీద ఆ పని చెయ్యకండి. ఆ రోజుల్లో సైనికులు ఎక్కువగా వాడింది కాపీయింగ్ పెన్సిలు. చూడటానికి మామూలు పెన్సిల్లా బూడిదరంగులో రాస్తుంది, తడి తగిలితే ఊదారంగులోకి తిరిగి పాకిపోతుంది, ఎందుకంటే లోపల గ్రాఫైటుతో పాటు నీళ్ళలో కరిగే రంగు కలిపి ఉంటుంది. ఆవిరి తగిలినా చాలు. పొడిగానే, పల్చటి ఎముక పలకతో, ఓపిక ఉన్నంతవరకు విడదీశాను, రానివి రెండు జతలు అలాగే వదిలేశాను. లామినేషన్ చేయించమని ఇంట్లో ఒకరు అడిగారు. లామినేషన్ చేస్తే ప్లాస్టిక్ వేడికి కాగితంలోకి దిగిపోయి ఇక ఎప్పటికీ వెనక్కి రాదు, కాగితంలో ఉన్న పులుపు, అంటే ఆమ్లం, లోపలే ఉండి దాన్ని తినేస్తుంది. వాళ్ళు అర్థం చేసుకున్నారు.

ఇక అసలు పని.

నా దగ్గరికి వచ్చిన మూటలోని 26 ఉత్తరాల్లో 25 తెలుగులో ఉన్నాయి, ఒకటి చదవడానికి వీల్లేనంత చెరిగింది. ఆ 25లో రెండు చేతిరాతలు. మొదటి చేయి బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఉంది, గుండ్రంగా, తలకట్లు శ్రద్ధగా పెట్టిన రాత, బడిపంతులు రాతలా ఉంటుంది. రెండోది 1943 నుంచి, తొందరగా వాలుగా సాగిపోయే రాత, వరసకి నాలుగు మాటలు ఎక్కువ పట్టేలా. రెండింటి కిందా సంతకం చోట బొటనవేలి ముద్ర. ముద్రలన్నీ ఒకే వేలివి. అంటే సైనికుడు ఒక్కడే, రాతగాళ్ళు ఇద్దరు. ఇందులో వింతేమీ లేదు, ఆ కాలంలో మన పల్లెల నుంచి సైన్యంలో చేరిన వాళ్ళలో చాలామందికి రాయడం రాదు, కంపెనీలో రాయగలిగిన వాడు సాయంత్రం పూట అందరికీ రాసిపెట్టేవాడు. ఇటు ఊళ్ళో చదివి వినిపించేది పోస్టుమేనో, బడిపంతులో, కరణమో. మధ్యలో సెన్సారు, అంటే ఉత్తరాలు విప్పి చదివి, రాయకూడనివి చెరిపేసే మిలటరీ ఆఫీసరు. కొడుకు చెప్పిన మాట తల్లి చెవిన పడేలోపు కనీసం ముగ్గురు బయటివాళ్ళ మధ్య నుంచి వెళ్ళింది. పక్కన నలుగురుండగా చెప్పే మాట వేరు, ఒంటరిగా చెప్పే మాట వేరు అని గుర్తు పెట్టుకునే ఈ ఉత్తరాలు చదవాలి.

ఉత్తరాల మొదలు అన్నింటికీ ఒకటే, "మహారాజశ్రీ తండ్రిగారి దివ్యసముఖమునకు" అని మొదలై "ఉభయకుశలోపరి" మీదుగా "ఇచ్చట నేను క్షేమము, అచ్చట మీ యొక్క క్షేమసమాచారములు తెలియజేయవలెను" దాకా. అప్పట్లో అందరూ నేర్చుకున్న మర్యాద అది. ఈ పొరను పక్కన పెట్టడం తేలిక.

కష్టమైంది తర్వాతి పొర. 1944 ఫిబ్రవరి నాటి ఉత్తరంలో ఒక గొప్ప వాక్యం ఉంది, కన్నభూమి రుణం తీర్చుకోవడానికి ప్రాణమైనా లెక్కచేయనని, తన కోసం కన్నీరు పెట్టవద్దని. కుటుంబంలో చదువుకున్న కుర్రాడు, అంటే సైనికుడి అన్నగారి మునిమనవడు, ఆ వాక్యాన్ని రాతిమీద చెక్కించి ఇంటి ముందు పెట్టాలనుకున్నాడు. నాకు ఆ వాక్యం చూడగానే అనుమానం వచ్చింది. కారణం, అంతకుముందు బొబ్బిలి వైపు ఒక ఇంట్లో చూసిన యుద్ధకాలపు ఉత్తరాల్లో దాదాపు ఇవే మాటలు, ఇదే వరసలో ఉన్నాయి. ఆ ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టాను. చేతిరాత వేరు, వాక్యం మాత్రం ఒకటే. ఇద్దరు రాతగాళ్ళు ఒకే చోట నేర్చుకున్న మాటలు కావచ్చు, లేదా అప్పటికి అలాంటి ఉత్తరంలో అలాంటి వాక్యం ఉండాలన్న ఆనవాయితీ కావచ్చు. ఏదైనా గానీ ఈ కుర్రాడి సొంత మాట అని చెప్పడానికి ఆధారం లేదు. సైనికుడికి దేశభక్తి లేదని నేను అనడం లేదు, ఆ మాటను అతని పేరు కింద రాయిమీద చెక్కడం తగదని మాత్రమే. మునిమనవడికి ఇది నచ్చలేదు, కొన్నాళ్ళు మాట్లాడలేదు కూడా.

మరి అతని సొంత మాటలు ఎక్కడ? ఇలాంటి కట్టల్లో నేను వెతికేది ఎవరూ ఎత్తిరాసుకోని వాక్యాల్లో. రాతగాడు కల్పించడానికి వీల్లేనివి, అతనికి తెలిసే అవకాశం లేనివి. గెడ్డ (వాగు) పక్క మడి కౌలుకి ఇవ్వొద్దు. ఎర్రావు ఈనిందా, పెయ్యా దూడా. మనియార్డరు ముప్పై పంపాను, అందులో పది షావుకారుకి కట్టి చీటీ వెనక్కి తీసుకోండి, చీటీ తీసుకోకుండా డబ్బు ఇవ్వొద్దు. కంట్రోలు బట్ట దొరుకుతోందా, అప్పకి చీర కొన్నారా. ఈ చివరిదాంట్లో ఒక సంగతి ఉంది. రెండో రాతగాడు మిగతా ఉత్తరాలన్నింటిలో "అక్కగారు" అని రాశాడు, ఈ ఒక్కచోట మాత్రం "అప్ప" అని పడింది. మన వైపు అక్కని అప్ప అనే పిలుస్తారు. సైనికుడు చెప్తూ ఉంటే రాతగాడి చేయి ఆ ఒక్కసారి దిద్దడం మరిచింది. ఇలాంటి జారుళ్ళు ఉన్న ఉత్తరాలన్నీ వేరు చేసి చూస్తే, అన్నీ డబ్బు, పశువులు, పొలం, అప్ప గురించిన చోట్లే. అతనికి తొందరగా, గట్టిగా చెప్పాలనిపించిన చోట రాతగాడు వెనకబడ్డాడన్నమాట.

అతను ఎక్కడున్నాడో తేల్చడం తర్వాతి పని. యుద్ధభూమి నుంచి వచ్చే ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో నంబరూ తేదీ, పక్కన సెన్సారు ముద్ర, అంతే. తానెక్కడున్నదీ, ఏ దళంతో ఉన్నదీ, ఎటు వెళ్తున్నదీ రాయకూడదు. రాస్తే సెన్సారు సిరా పూస్తాడు, లేదా కత్తిరిస్తాడు. ఈ కట్టలో ఒక్కచోట మాత్రం రెండు వరసలు నల్లగా పూసి ఉన్నాయి.

1944 మార్చి చివరి ఉత్తరంలో రాతగాడి చేత ఇలా రాయించాడు: నేను క్షేమము, అన్న నడిచి వచ్చిన దారి రోజూ చూస్తున్నాను. సెన్సారుకు ఇది ఏ అన్నో, ఏ దారో. ఏ కుటుంబానికైనా వాళ్ళ అన్న ఏదో ఒక దారిన నడిచే వస్తాడు కదా. నాకూ మొదట అంతే. ఇంట్లో ఒక పెద్దావిడ ఉన్నారు, సైనికుడి అన్నగారి కూతురు, తొంభైకి దగ్గరలో ఉన్నారు. ఆవిడ ముందు ఉత్తరాలు పైకి చదువుతుంటే ఈ వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపారు. "మా అయ్య రంగం నుంచి నడిచొచ్చీసినాడు" అన్నారు.

రంగం అంటే రంగూన్, ఈ జిల్లాల్లో పుట్టిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. బియ్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల మీద పనికి మన తీరం నుంచి వేలమంది పోయేవారు. 1941 డిసెంబరులో బాంబులు పడటం మొదలై, 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయాక ఓడ దొరకని వాళ్ళు కాలినడకన బయలుదేరారు. ఒక దారి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి, ఇంకో దారి కలేవా, తమూ, పాలేల్ మీదుగా ఇంఫాల్‌కి, అక్కడి నుంచి దిమాపూర్ వెళ్ళి రైలు. ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా ఇంకోటి, అందులో చనిపోయినవాళ్ళు చాలామంది. ఆవిడ నాన్న ఏ దారిన వచ్చాడన్నది కీలకం. ఊరి పేర్లు ఆవిడకి గుర్తులేవు, కానీ "మణిపూర్ రోడ్డు టేసన్లో రైలెక్కినాడు, దొరలు అటుకులు పెట్టినారు" అని తండ్రి చెప్పేవాడని అన్నారు. దిమాపూర్ స్టేషనుకి అప్పటి పేరు మణిపూర్ రోడ్. అంటే తమూ–పాలేల్ దారి. 1942లో అన్న శరణార్థిగా నడిచిన కొండదారి మీదనే 1944లో తమ్ముడు సాపర్‌గా కందకాలు తవ్వుతున్నాడు. ఉత్తరం మీది ఫీల్డ్ పోస్టాఫీసు నంబరును ఆ తేదీకి యుద్ధకాలపు జాబితాల్లో చూస్తే ఇంఫాల్ ప్రాంతానికే సరిపోయింది. ఆవిడ చెప్పకముందు నా దగ్గర ఆ నంబరు ఒక్కటే ఉంది, పోస్టాఫీసులు దళాలతో పాటు కదులుతూ ఉండేవి కాబట్టి అదొక్కటే నమ్మి రాయలేను.

ఆ కొండదారి గురించి కొంచెం చెప్పాలి, కుటుంబం అడిగిన "కందకాలు" అక్కడే ఉన్నాయి కాబట్టి. పాలేల్‌కీ తమూకీ మధ్య షెనాం అనే కొండల వరస ఉంది. 1944 ఏప్రిల్ నుంచి జూలై దాకా జపాన్ సైన్యం ఆ దారిన ఇంఫాల్‌లోకి దిగాలని చూసింది. మొదట 20వ ఇండియన్ డివిజన్, మే మధ్య నుంచి 23వ ఇండియన్ డివిజన్ వాళ్ళను అడ్డుకున్నాయి. చెట్లన్నీ ఫిరంగి దెబ్బలకు మోడులై, రెండు వైపుల వాళ్ళూ కొన్ని గజాల దూరంలో గోతుల్లో కూర్చుని, ఒకే గుట్ట చేతులు మారుతూ, శవాలు తీసే వీలు లేక, పైన వానాకాలం. ఫ్రాన్సు కందకాలు ఎలా ఉండేవో చదివిన వాళ్ళు షెనాంని దానితో పోల్చడం అందుకే. ఇంటి కథలో "ఫ్రాన్సు" ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, "కందకం" మాత్రం నిజం. సైనికుడు యుద్ధం గురించి ఒక్క ముక్క కూడా రాయించలేదు. రోజూ పసుపు మాత్ర మింగిస్తున్నారు, ఒళ్ళు పచ్చబడింది, కామెర్లు కావు, భయపడొద్దు అని రాయించాడు. అది మలేరియాకి ఇచ్చే మెపాక్రిన్.

ఇక్కడే మిరపకాయల సంగతి. 1944 మే ఉత్తరంలో "ఎండుమిరపకాయలు అయిపోయినవి, ఎప్పుడు వచ్చునో తెలియదు" అని ఉంది. మునిమనవడు దీన్ని పట్టుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, ఒక భారతీయ సైనికుడు నల్ల మిరియాలు అయిపోయాయి, ఎర్ర మిరియాలు వాడుతున్నారు అని ఇంటికి రాస్తే, నల్లవి అంటే మనవాళ్ళు, ఎర్రవి అంటే తెల్లవాళ్ళు అని సెన్సారు పసిగట్టిన సంగతి ప్రసిద్ధమే. అప్పటి సెన్సారు ఎత్తిరాసుకున్న అలాంటి ఉత్తరాల అనువాదాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కాబట్టి ఇది కూడా గూఢభాషే, మనవాళ్ళు చాలామంది చనిపోయారని చెప్తున్నాడు అని కుర్రాడి వాదన. ఆలోచన తప్పుపట్టను, అడగాల్సిన ప్రశ్నే అది. కానీ తేదీ చూడండి. 1944 మార్చి చివరలో కొహిమా–ఇంఫాల్ రోడ్డు తెగిపోయింది, మళ్ళీ తెరుచుకుంది జూన్ 22న. ఆ మధ్యకాలం ఇంఫాల్‌లో ఉన్నవాళ్ళందరి తిండీ, మందుగుండూ, ఉత్తరాలూ విమానాల మీదే. రేషన్ తగ్గించారు. మే నెలలో ఆ కొండ మీద ఉన్న తెలుగువాడు మిరపకాయలు అయిపోయాయి అంటే మిరపకాయలు అయిపోయాయనే. గూఢంగా చెప్పాలనుకున్నప్పుడు అతను ఎలా చెప్పాడో మనకు తెలుసు, "అన్న నడిచి వచ్చిన దారి" అన్నాడు, ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ అర్థం కాని మాటతో. మిరపకాయలతో ఇంట్లో ముందే ఒప్పందం ఉన్నట్టు ఏ ఉత్తరంలోనూ జాడ లేదు.

తెలుగు ఉత్తరాలు జూన్‌తో ఆగిపోయాయి. మిగిలింది ఊదారంగు కాగితం. అది గుడ్డమూటలోది కాదు, పెన్షను కాగితాల రేకు డబ్బాలోది. తుఫాను తర్వాత సర్దేటప్పుడు మూటలోకి వచ్చింది. పెద్దావిడ ఆ సంగతి ఖచ్చితంగా చెప్పారు, "అది మిలట్రీ కాయితం, ఇంగిలీసులో ఉంటాది, మా నాయనమ్మ పింఛను కాయితాలతో దాసింది" అని. అంటే ఎనభై ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ దాన్ని ఉత్తరం అనుకోలేదు.

తడిసిన కాపీయింగ్ పెన్సిల్ రాతలో రంగు పాకిపోతుంది గానీ గ్రాఫైటు ఎక్కడ రాస్తే అక్కడే ఉండిపోతుంది. మామూలు వెలుతురులో రెండూ కలిసి మచ్చలా కనిపిస్తాయి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో ఆ ఊదారంగు దాదాపు పారదర్శకం అవుతుంది, గ్రాఫైటు మాత్రం నల్లగా నిలుస్తుంది. లోపల ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టరు తీయించిన పాత కెమెరా ఒకటి ఈ పని కోసమే పెట్టుకున్నాను, లెన్సు మీద కనిపించే కాంతిని ఆపే ఫిల్టరు, పక్కన మామూలు ఫిలమెంటు బల్బు. ఖరీదైన ఏర్పాటు కాదు. దీనికి తోడు లైటును కాగితానికి దాదాపు సమాంతరంగా పక్క నుంచి వేసి ఇంకో ఫొటో, పెన్సిలు గట్టిగా నొక్కి రాసినవాడైతే గాడులు నీడ పడతాయి. ఇతను చాలా గట్టిగా నొక్కి రాశాడు. రాయడం కొత్తగా నేర్చుకున్నవాళ్ళు అలాగే నొక్కుతారు.

అక్షరాలు ఇంగ్లీషువి, విడివిడిగా, పెద్దవిగా. పదాల మధ్య ఖాళీ లేదు. ఇంగ్లీషు కాదు. అప్పటి సైన్యంలో రిక్రూట్లకు నేర్పే భాష రోమన్ లిపిలో రాసే ఉర్దూ, కాబట్టి అదేమోనని ఉర్దూ తెలిసిన మిత్రుడికి చూపించాను, కాదన్నాడు. కళ్ళతో చదివితే ఏమీ అందలేదు. చివరికి ఎత్తిరాసుకుని, పెద్దావిడ ఇంటికి వెళ్ళి, ఆవిడ ముందు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టాను. మొదటి వరస పూర్తికాకముందే ఆవిడ అందుకున్నారు. అది తెలుగు. మన తెలుగు. సైన్యం ఉర్దూ కోసం నేర్పిన ఇంగ్లీషు అక్షరాలతో, తనకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి, ఇంట్లో మాట్లాడే మాట మాట్లాడినట్టే రాశాడు. ఈ రోజు మన పిల్లలు ఫోన్లో చేసే పనే. ఆ మొత్తం కట్టలో సైనికుడి చేత్తో రాసిన ఒకే ఒక్క ఉత్తరం అది, అదే ఎవరూ చదవనిది.

మొత్తం పదకొండు వరసలు. చదవగలిగినంత వరకు, కుటుంబం ఒప్పుకున్న మేరకు ఇక్కడ ఇస్తున్నాను, ఆవిడ పలికినట్టే:

"అమ్మా నాను బాగున్నాను. రాసీవోడు నేడు. నానే రాసినాను. వాన ఒగ్గట్నేదు. గోతిలో నీలు. మన గెడ్డలో ఒలకట్టి పడుకున్నట్టుంది. జొరం వొచ్చి తగ్గిపోనాది. మడి ఒగ్గీకండి. అప్పకి సెప్పు నాను రాసినానని."

మిగిలిన రెండు వరసలు మడత మీద పడి చిరిగిపోయాయి.

"రాసీవోడు నేడు", అంటే రాసేవాడు లేడు, అన్నదాంతో రెండో రాతగాడి ఉత్తరాలు జూన్‌తో ఎందుకు ఆగాయో తెలిసింది. అతనికేమైందో చెప్పలేదు. ఇన్నాళ్ళూ అతని రాతను "రెండో చేయి" అని నంబరు వేసుకుని, మాటలు మార్చేవాడని కాస్త చిరాకు కూడా పడుతూ చదివాను, ఆ వరస దగ్గర మాత్రం చాలాసేపు ముందుకు వెళ్ళలేకపోయాను. ఆ కంపెనీలో ఎంతమంది తెలుగువాళ్ళ ఇళ్ళకి అతనే గొంతు అయి ఉంటాడో. మహారాజశ్రీలూ ఉభయకుశలోపరులూ రాసి రాసి ఆ చేయి ఆగిపోయింది.

సెన్సారు ముద్ర ఈ కాగితం మీదా ఉంది, పూత ఎక్కడా లేదు. ముద్ర వేసిన ఆఫీసరుకు అక్షరాలు తెలిసి ఉంటాయి, మాట తెలిసి ఉండదు. "గోతిలో నీలు" అనే రెండు మాటలు రాతగాడి ఉత్తరాలన్నింటిలోనూ లేవు. కందకం గురించి ఈ కట్ట మొత్తంలో ఉన్నది ఆ రెండు మాటలే.

అతను 1944 వానాకాలం చివర్లో మిలటరీ ఆసుపత్రిలో జ్వరంతో పోయినట్టు పెన్షను కాగితాల్లో ఉంది. బర్మా యుద్ధంలో తూటాల కన్నా మలేరియా, విరేచనాలు, టైఫస్ ఎక్కువమందిని మంచం ఎక్కించాయి. యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరుతో వెతికితే దొరకలేదు, మన పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగు గుమాస్తాకి ఒక్కో రకంగా ఉండేది కదా. ఉత్తరాల మీద పంపినవారి చిరునామాలో ఉన్న సర్వీసు నంబరు వేస్తే వెంటనే వచ్చింది. తండ్రి పేరు, ఊరి పేరు, విశాఖపట్నం జిల్లా, అన్నీ సరిపోయాయి. ఇంఫాల్‌లోని ఇండియన్ ఆర్మీ వార్ సెమెటరీలో దహనం చేసిన సైనికుల కోసం కట్టిన స్మారకం మీద 868 పేర్లు ఉన్నాయి, అందులో అతనిదొకటి. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. మునిమనవడు ఇంఫాల్ వెళ్ళడానికి డబ్బు కూడబెట్టుకుంటున్నాడు, చెక్కించాల్సిన రాయి గురించి మళ్ళీ మాట్లాడలేదు, పేరు అప్పటికే రాయి మీద ఉంది కాబట్టి కావచ్చు.

జాబితా కట్టేటప్పుడు "రచయిత" అని ఒకే గడి పెడితే ఈ కట్టకి సరిపోలేదు. చెప్పినవారు, రాసినవారు, ముద్ర వేసినవారు, ఇంట్లో చదివినవారు అని నాలుగు గడులు చేశాను, ప్రతి ఉత్తరానికీ తెలిసినంత నింపి మిగతావి ఖాళీగా ఉంచాను. పెద్దావిడ చెప్పిన ప్రతి దిద్దుబాటు ఆవిడ పేరుతోనే పక్కన రాశాను, ఎందుకంటే ఈ చదువులో సగం ఆవిడది. రోమన్ అక్షరాల ఉత్తరానికి అక్షరం పొల్లుపోకుండా ఒక ప్రతి, ఆవిడ పలికిన తెలుగులో ఒక ప్రతి, రెండూ పక్కపక్కన. దాన్ని గ్రాంథికంలోకో, పుస్తకం తెలుగులోకో మార్చి ఇవ్వమని ఒకరు అడిగారు, ఒప్పుకోలేదు. రాతగాళ్ళు ఇద్దరు అతని మాటను రెండేళ్ళ పాటు దిద్దారు, మూడోవాడిగా నేను చేరను.

అసలు కాగితాలు పులుపు లేని కాగితపు కవర్లలో, ఒక్కో కవరులో ఒక్కో ఉత్తరం, బీరువా పై అరలో ఉన్నాయి. కింది అరలో వద్దని చెప్పాను, మళ్ళీ నీళ్ళొస్తే కింద అరే మొదట మునిగేది. ఊదారంగు కాగితాన్ని ఎండ తగలకుండా, ఫ్రేము కట్టకుండా ఉంచుతామన్నారు. గోడ మీదకి దాని ఫొటో ఇచ్చాను.

ఈ రెండు జిల్లాల్లో ఎవరి ఇంట్లోనైనా యుద్ధకాలపు ఉత్తరాలు ఉంటే విప్పేముందు మూడు చోట్ల చూడండి: చిరునామాలో జిల్లా పేరు, పంపినవాడి సర్వీసు నంబరు, ఆ తర్వాత పెన్షను కాగితాల డబ్బా. ఆ డబ్బాలో ఇంగ్లీషు అక్షరాలతో ఉన్న ప్రతి కాగితాన్నీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ ముందు కూర్చుని, వాళ్ళకి వినిపించేలా, ఒకసారి పైకి చదవండి.